రెండు కొసల వైరు

గాలి లేచిన పది నిమిషాలకు కరెంటు పోయింది. మునిశేఖర్ ఇంట్లో ఫ్యాను ఆగింది. దాంతో పాటు యశోదమ్మకు ఆక్సిజన్ అందించే మిషన్ కూడా.

"పోయిందిరా," అంది యశోదమ్మ.

"నేనుండాను గదమ్మా."

మునిశేఖర్ వసారాలోకి పరిగెత్తాడు. రెండు లారీ బ్యాటరీలు, పాత ఇన్వర్టర్ పెట్టె, ఒక వైరు. తనే కూర్చాడు. నెల పట్టింది. వైరుకు రెండు కొసలా పిన్నులు. ఒక కొస పెట్టెలో, రెండోది గోడ ప్లగ్గులో. గుచ్చితే ఇల్లంతా కరెంటు.

గుచ్చే ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ స్విచ్ ఉగాదికి ముందే కాలిపోయింది. వైర్లు నేరుగా కలిపి టేపు చుట్టాడు.

గుచ్చాడు. మిషన్ గురగురలాడింది.

"పెండ్లికి జనరేటర్ పెట్టినట్టు పెట్టినావే," అంది తల్లి, ఊపిరి అందగానే. "మేళగాళ్లు యాడ?"

"మాట్లాడొద్దమ్మా. మిషన్ ఆగితే ఏమైతాదని డాక్టరు చెప్పినాడు?"

"సస్తానన్నాడు. నాకు తెలీదా?"

భార్య ఐశ్వర్య అత్త పాదాలు రుద్దుతూ నవ్వింది.

అరగంటకు మిషన్ ఆగింది.

మునిశేఖర్ వసారాలోకి దూకాడు. ఎవడో మనిషి, నలభై ఏళ్లుంటాయి, గోడలోంచి పీకిన వైరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ వారంలోనే ఊళ్లో రెండు ట్రాక్టర్ల బ్యాటరీలు పోయాయి.

"అప్పా, పెట్టొద్దు! ఆడ పోల్..."

మునిశేఖర్ అందుకున్న స్పానర్ అతని నోటి మీద పడింది. రెండు పళ్లు రాలాయి. ఆ తర్వాత అతను అన్నది మాట కాలేదు. నెత్తురే వచ్చింది.

"అది మా అమ్మ ఊపిరిరా! దొంగనాకొడకా!"

మునిశేఖర్ వైరు మళ్లీ గుచ్చాడు. మిషన్ ఆడింది.

మామిడి తోట అవతల ఎవరో కేక పెట్టారు.

"జతగాణ్ణి కూడా తెచ్చుకున్నావా?"

అతను చెయ్యెత్తి తోట వైపు చూపించాడు. మునిశేఖర్ గడ్డపార తీసుకుని ఆ చేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు గదిలోకి వినిపించింది.

"సాలయ్యా! సచ్చిపోతాడు!" ఐశ్వర్య అరిచింది.

"సావనీ!"

అతను పారిపోలేదు. బ్యాటరీల వైపు పాకాడు. మిగిలిన చేత్తో క్లిప్పు పట్టి లాగాడు. నిప్పురవ్వలు లేచాయి. పెట్టెలోంచి పొగ వచ్చింది. మిషన్ ఆగిపోయింది.

ఈసారి గడ్డపార తల మీద పడింది.

మునిశేఖర్ క్లిప్పు తిరిగి తగిలించాడు. పెట్టె పలకలేదు. గదిలో తల్లి పెదవులు నల్లబడుతున్నాయి.

"రోడ్డు మీదికి పో! ఆటో ఏదన్నా ఉంటే పిల్సుకోని రా!"

ఐశ్వర్య పరిగెత్తింది.

ఆమె వెళ్లిన కాసేపటికి లైన్‌మన్ చెంగయ్య తోటలోంచి వచ్చి గేటు పట్టుకున్నాడు. రెండు అరచేతులూ కాలి ఉన్నాయి.

"ఎవురప్పా కరెంటు ఆపింది? దండం పెట్టాల."

"ఏం కరెంటు?"

"తెగిన తీగ కడతా ఉంటే, మెయిన్ ఆపనట్టుండారు, మీ ఇంటినుంచి ఎదురు కరెంటు తీగలోకి వచ్చి పట్టుకునింది. రోడ్డు మీద పోయే మనిషి సూసినాడు. మీ ఇంటి దిక్కు పరిగెత్తినాడు. ఒకసారి వదిలింది. మళ్లీ పట్టుకునింది. బెల్టుకు యాలాడినాను. మళ్లీ వదిలింది."

చెంగయ్య వసారాలో నేల వైపు చూశాడు.

"ఈయనే," అన్నాడు.

మునిశేఖర్ వంగి అతని ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి తగల్లేదు. అయినా వేలు తీయలేదు.

ఐశ్వర్య ఆటో లేకుండా వచ్చింది. పొడుగాటి ఇనుప సిలిండర్‌ను కాళ్లతో, చేతులతో దొర్లించుకుంటూ వచ్చింది.

"ఆటో ఉండాది, తోలేవాడు లేడు. ఇంజన్ ఆడతానే ఉండాది. లోపల ఇది ఉంటే తెచ్చినాను. ఆక్సిజనే గదా?"

"ఆ ఆటో ఈయనదే," అన్నాడు చెంగయ్య. "ఆడ దిగే పరిగెత్తినాడు."

మునిశేఖర్, ఐశ్వర్య కలిసి సిలిండర్‌ను గదిలోకి లాగారు. మునిశేఖర్ గొట్టం తగిలించి మర తిప్పాడు. తల్లి ఛాతీ ఒకసారి ఎగిసింది. తర్వాత నిదానంగా ఆడింది.

"ఎవురు నాయనా, దేవుడి మాదిరి తెచ్చినారు?" అంది యశోదమ్మ.

మునిశేఖర్ సిలిండర్ మీదికి వంగాడు. సిలిండర్ మెడకు కట్టిన అట్టముక్క మీద 'జానీ బాషా, పాకాల, కరెంటు పోతే ఉచితంగా ఆక్సిజన్' అని ఉంది, దాని కింద వెళ్లవలసిన ఇళ్లు నాలుగు రాసి ఉన్నాయి, మొదటిది యశోదమ్మది.