స్టీరింగు తిప్పినవాడు

ఆ మనిషి బస్టాపు స్తంభం దగ్గర మొదలుపెట్టి, మూల మీది గోడ దాకా అడుగులు వేసుకుంటూ వెళ్ళాడు.

మళ్ళీ వెనక్కి వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

దర్జీ మిషను తొక్కడం ఆపాడు. కొలతలు తీసేవాణ్ణి ఇంకో కొలతలు తీసేవాడు ఇట్టే పసిగడతాడు.

"అమ్మా, మునిసిపాలిటీ దిగింది," అన్నాడు గొంతు తగ్గించి.

గదిలో వెలుతురు చాలక మిషనును ఫుట్‌పాత్ మీదికి జరుపుకుని ఆరేళ్ళయింది. కిందటేడు మునిసిపాలిటీ వాళ్ళొచ్చి బల్ల ఎత్తుకుపోయారు. ఈసారి మిషనే పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

గడపలో కూర్చుని గుండీలు కుడుతున్న తల్లి తలెత్తి చూసింది.

"పాపం, ఎండలో తిరుగుతున్నాడు. చెవుల దాకా టోపీ ఒకటి. మంచినీళ్ళు కావాలేమో అడగరా."

"నీళ్ళిస్తే నోటీసిస్తాడు. నువ్వూరుకో."

అతను నేరుగా మిషను దగ్గరికే వచ్చాడు.

"నెల కిందట ఇక్కడ బస్సు గోడకు గుద్దుకుంది కదండీ. మీరేమైనా చూశారా?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"నేను కాజాలు కుట్టుకుంటున్నా. కాజా కుట్టేటప్పుడు పక్కన పిడుగు పడ్డా నాకు తెలీదు."

"బ్రేకులు పోయాయి. ఎదురుగా స్టాపులో పన్నెండు మంది. మరి గోడవైపు ఎలా తిరిగిందంటారు?"

"దేవుడు తిప్పాడు."

"డ్రైవరు తిప్పలేదా?"

"నాకేం తెలుసు? దేవుడని అందరూ అంటున్నారు, నేనూ అంటున్నా."

అతను తలూపి వెళ్ళిపోయాడు.

నిజానికి దర్జీ చూశాడు. అద్దం పైసగం ఎండకు మెరుస్తూ ఉండడంతో డ్రైవరు మొహం కనపడలేదు. కింద రెండు చేతులు మాత్రం కనపడ్డాయి. అవి స్టీరింగును కసిగా, ఇంక తిరగనంత దాకా గోడవైపు తిప్పాయి.

ఆ పన్నెండు మందిలో దర్జీ తల్లి కూడా ఉంది.

"ఆ డ్రైవరు మీద విచారణ నడుస్తోందట," అంది తల్లి అన్నం వడ్డిస్తూ. "భయపడి స్టీరింగు వదిలేశాడని పైవాళ్ళ అనుమానమట. నువ్వు చూసింది చెప్పరాదట్రా?"

"చెప్తే, ఎక్కడ కూర్చుని చూశావంటారు. ఫుట్‌పాత్ మీదని నేనే సంతకం చేసివ్వాలి."

"నేనిలా బతికి ఉన్నానంటే అతని వల్లేరా."

"దేవుడే కాపాడాడని వీధంతా చెప్పింది నువ్వేగా."

"చెప్పాను. అతని చేతులు దేవుడివి కావని చెప్పలేదు."



రెండు రోజులకు ఆ టోపీ మనిషి మళ్ళీ వచ్చాడు. జేబు చిరిగిన చొక్కా తెచ్చాడు. చిరుగు కొత్తది. కావాలనే చింపుకొచ్చాడని దర్జీకి అర్థమైంది.

"మిమ్మల్నొకటి అడగనా? మీ దృష్టిలో దేవుడంటే ఎవరండీ?"

ఇదేదో కొత్తరకం వల అనుకున్నాడు దర్జీ.

"ముందే కత్తిరించి పెట్టేవాడు. మనం గీత వెంట కుట్టుకుంటూ పోవడమే."

"కుట్టు వంకరపోతే?"

"తప్పు నాది."

"చక్కగా కుదిరితే?"

"గొప్ప ఆయనది."

"ఇదెక్కడి న్యాయమండీ? మీకేం మిగిలింది?"

"తిట్లు మిగిలాయిగా."

అతను నవ్వాడు. నవ్వుతూనే నొప్పి పుట్టినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"నా మట్టుకు దేవుడంటే చేసిపెట్టేవాడు కాదండీ. నువ్వేం చేస్తావో చెయ్యి, చూస్తానంటూ పక్కన కూర్చునేవాడు. అందుకే అడుగుతున్నా. ఆ డ్రైవరు కావాలని తిప్పాడా, బండే తిరిగిందా?"

"మీకెందుకండీ అంత పట్టుదల?"

"నిద్రపట్టడం లేదండీ."

నోటీసులు రాసేవాడికి నిద్రపట్టకపోతే ఎవరి మిషను కదులుతుందో దర్జీకి తెలుసు. జేబు కుట్టేసి, ఇంకో మాటకు చోటివ్వకుండా పంపేశాడు.

అతను మూడోసారి వచ్చినప్పుడు దర్జీ మొహమాటం కూడా వదిలేశాడు.

"చూడండి బాబూ. నేను కళ్ళారా చూశాను, సరేనా? డ్రైవరు చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. స్టీరింగు దానంతటదే తిరిగింది. దేవుడే తిప్పాడు. ఇంక నన్నొదిలేయండి."

"నిజంగానా?"

"మా అమ్మ మీద ఒట్టు."

గడపలో తల్లి చేతిలోని సూది ఆగిపోయింది.

అతను గోడవైపు ఒకసారి చూశాడు.

"మంచిదండీ," అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కనపడలేదు. పీడ వదిలిందనుకున్నాడు దర్జీ. తల్లి మాత్రం రెండు వారాలు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం బస్సు డిపో గుమాస్తా ఖాకీ గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"కొత్త డ్రైవరుకు రెండు జతలు కుట్టాలి. కొలతలు ఈ కాగితంలో ఉన్నాయి."

"పాతాయన ఏమయ్యాడు?"

"గోడకు గుద్దినాయనేగా? తీసేశారు. మొన్ననే సామాను సర్దుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు."

వచ్చినవాడు మునిసిపాలిటీ మనిషి కాదన్న ధీమాతో దర్జీకి నోరు లేచింది.

"అన్యాయమండీ. ఆయన రెండు చేతులా తిప్పాడు. ఇక్కణ్ణుంచి నేను చూశాను."

గుమాస్తా అతనివైపు వింతగా చూశాడు.

"ఈ ముక్క చెప్పేవాళ్ళు ఒక్కరున్నా చాలని మా మేనేజరు నెలన్నర ఆగాడండీ."

"మరి మీ డిపో నుంచి ఒక్కరైనా వచ్చి అడిగితేనా?"

"ఇంకెవరు అడగాలి? ఆ పాత డ్రైవరు రాసిచ్చిన వాంగ్మూలం టైపు చేసింది నేనే. ప్రతి మాటా గుర్తుంది."

గుమాస్తా గొంతు సవరించుకుని అప్పజెప్పాడు.

"తలకు దెబ్బ తగలడం వల్ల నాకా క్షణం గుర్తు లేదు, తెలియనిదాన్ని నా గొప్పగా చెప్పుకుని ఉద్యోగం నిలుపుకోలేను, అందుకని గోడ పక్కనున్న దర్జీగారిని మూడుసార్లు వెళ్ళి అడిగాను, బస్సు తిప్పింది నేను కాదనీ దేవుడనీ ఆయన తన తల్లి మీద ఒట్టేసి చెప్పారు."