మగవాళ్ళుంటే పిలవండి

“మగవాళ్ళెవరైనా ఉంటే పిలవండి.”

తెరమీది ఆ వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది. బట్టలుతికే మిషన్ల కంపెనీలో, కొన్నవారి ఇబ్బందులకు చాట్‌లో జవాబివ్వడం ఆమె కొలువు. ప్రతి జవాబు పక్కనా ఆమె పేరు కనబడుతుంది. మిషన్‌లోంచి నీళ్ళు పోవడం లేదన్నది ఆ పెద్దమనిషి ఫిర్యాదు. “దయచేసి ముందు ప్లగ్గు తీయండి సార్. కింద చిన్న మూత విప్పి, జాలీలో చిక్కుకున్న పీచు తీసేస్తే సరిపోతుంది” అని రాసి, చివర నవ్వు బొమ్మ కూడా పెట్టింది. దానికి వచ్చిన మర్యాద ఇది.

నియమం ప్రకారం చాట్‌ను పై అంతస్తులోని పెద్దసారుకు పంపింది. వెంటనే ‘పెద్దసారు’ అన్న పేరుతో సమాధానం పడింది:

“ప్లగ్గు తీయండి. కింది మూత విప్పండి. జాలీ శుభ్రం చేయండి.”

కాసేపటికి పెద్దమనిషి మళ్ళీ రాశాడు. “అదీ! మగాడు చెబితే ఆ లెక్కే వేరు. పనైపోయింది సార్. ఆ అమ్మాయికి తెలియదంటే తెలియదని చెప్పొచ్చుగా!”

నా మాటే, నవ్వు ఒలిచేసి! అనుకుంది. చేరిన నాటినుంచీ ఆ పెద్దసారు ముఖమే చూడలేదు. “ఆ అమ్మాయి చెప్పిందీ ఇదే” అని ఆయన ఒక్కసారైనా రాయలేదు. నింద వేసిన నోటికంటే, నిజం తెలిసీ మూసుకున్న నోరే మనిషిని ఎక్కువ గాయపరుస్తుందేమో.

మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

“ఏమ్మా, మళ్ళీనా? ఇంకో ఫిర్యాదొస్తే నిన్నుంచడం నా చేతుల్లో లేదు.”

“నా జవాబులో తప్పేముంది సార్?”

“జవాబులో ఏముంది తల్లీ! పేరులోనే ఉంది.”

“ఆ ముక్క పెద్దసారు చెప్పొచ్చుగా?”

“నువ్వే వెళ్ళి అడుగు. నిన్ను రమ్మన్నారు కూడా. మెట్లు దిగే స్థితిలో లేరు.”

ఎన్ని గడపలు తొక్కితే దొరికిన ఉద్యోగమో మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది. అయినా పోతే పోనీ, కడుపులో మాట కక్కేయాలనుకుంది.

తలుపు తోసి, కిటికీ వైపు తిరిగి ఉన్న కుర్చీ వీపుతోనే అనేసింది.

“సార్, నా మాటలు ఇంకా ఎన్నాళ్ళు మీ పేరుమీద చెల్లాలి?”

కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది.

“రామ్మా, రేపటి నుంచి నాకు ప్రసూతి సెలవు, ఇక పెద్దసారువి నువ్వే.”