మిద్దెనా, పెంకులా?

దూలాలకు చెదలు పట్టిన పాత మిద్దెను విప్పడానికి మేస్త్రీ గడ్డపారతో వచ్చి నిలబడ్డాడు. కొత్త మిద్దె ఎట్లా వేయాలో హంపన్న అతనికి చెబుతుండగా కోడలు కొట్రమ్మ మధ్యలో వచ్చింది.

“మిద్దె వద్దు మామా. పెంకులు ఏపిచ్చు.”

హంపన్న ఆశ్చర్యపోయాడు. దేశనూరులో ఆ వీధి ఇళ్ళన్నీ మట్టి మిద్దెలే. ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఈ చివర మిద్దె ఎక్కినవాడు ఆ చివర దిగవచ్చు. పెంకుటిళ్ళు కట్టుకునేది కాలువ నీళ్ళ కోసం కొత్తగా వచ్చిన క్యాంపు వాళ్ళు. ఎండాకాలం మిద్దె కింద చల్లగా ఉంటుందనీ, పెంకులైతే కోతులు ఒక్కటి కూడా మిగలనివ్వవనీ హంపన్న నచ్చజెప్పాడు. కోడలు వినలేదు.

మాటలు విని పక్కింటి గాళెప్ప వచ్చాడు. పెళ్ళాం పోయి ఒంటరిగా బతుకుతున్నవాడు. నడుమ ఒక్క ఇంటికి పెంకులు వేస్తే వాననీళ్ళన్నీ తన మిద్దె మీదికే జారతాయనీ, తన గోడ నానిపోతుందనీ గొడవ పెట్టుకున్నాడు.

“ఊరికే పెంకులు కావల్లంటే ఎట్లమ్మా? ఏం కారణమో చెప్పు,” అన్నాడు హంపన్న.

కొట్రమ్మ తల వంచుకుంది. ఆ మాట అంటే ముందు తన పేరే చెడుతుందని ఆమెకు తెలుసు. అయినా అన్నది.

“రాత్రిళ్ళు మన మిద్దె మీద ఎవరో నడుస్తాండారు మామా. పెంకులైతే నడవలేరు.”

హంపన్న తలెత్తి మిద్దె వైపు చూశాడు.

ఆమె మొగుడు యల్లప్ప అంతవరకూ గోడకు ఆనుకొని ఊరుకున్నాడు. ఇప్పుడు విసురుగా ముందుకొచ్చాడు. పెంకులు వద్దని ఇంతసేపూ వాదించింది ఇందుకేనా అని గాళెప్పను నిలదీశాడు. గాళెప్ప ముఖం పాలిపోయింది. తనకేమీ తెలియదని, ఏ గుడిలోనైనా ప్రమాణం చేస్తానని బతిమాలుకున్నాడు. యల్లప్ప వినిపించుకోకుండా మేస్త్రీ చేతిలోని గడ్డపార లాక్కున్నాడు.

హంపన్న కొడుకు చెయ్యి పట్టుకోబోయి తూలి కిందపడ్డాడు. మేస్త్రీ భయపడి వెనక్కి తగ్గాడు. వెనక్కి వెనక్కి పోయిన గాళెప్ప గోడమూలలో చిక్కి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు.

కొట్రమ్మ పరుగున వెళ్ళి ఇద్దరి నడుమ నిలబడింది. పైకి లేచిన గడ్డపార అట్లాగే ఆగింది.

“అడ్డం లెయ్. వీడు కాకపోతే ఇంకెవడు? పేరు చెప్పు,” అన్నాడు యల్లప్ప రొప్పుతూ.

ఈ ఒక్క మాట నోటితో అనకుండా గడిచిపోవాలనే ఆమె పెంకులు అడిగింది. వెనక గాళెప్ప వెక్కిళ్ళు వినబడుతున్నాయి. ఆమె మొగుడి వైపు చూడలేదు. కింద కూర్చుండిపోయిన మామ వైపు తిరిగింది.

“మన ఇంటికి బయటోళ్ళు ఎవరూ రాలేదు మామా. నేను నిద్రపోయినాననుకొని, నీ కొడుకే ఆ మిద్దెల మీంచి ఇంకో ఇంటికి పోతాండాడు.”