మావాడు

సంతాప సభ ముగియవచ్చిన వేళ ఒక అపరిచితుడు వేదిక ఎక్కి మైకు ముందు నిలిచాడు.

"అం... అం... అందరికీ..."

మాట అక్కడే బిగుసుకుపోయింది.

"బావా, ఈయన నమస్కారం పూర్తయ్యేసరికి హాలుకి తాళం వేస్తారు" అన్నాడు ముందు వరుసలో కొడుకు పక్కన కూర్చున్న అతడి బావమరిది.

కొడుకు లేచాడు. గతించినది అతడి తండ్రి. వాగ్ధాటికి పేరుపొందిన న్యాయవాది. కొడుకు మాత్రం ఆయన గురించి మాట్లాడనని ముందే చెప్పేశాడు. కూతుళ్ళను నోరారా పేరుతో పిలిచిన మనిషి, తాతగారు ముచ్చటపడి పెట్టిన ఇతడి పేరును ఒక్కనాడూ పలకలేదు. ఎవరికి పరిచయం చేసినా "మావాడు" అనడమే. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అతడు వేదిక ఎక్కాడు.

"కంగారు పడకండి. ఊపిరి పీల్చుకుని నిదానంగా చెప్పండి."

"కం... కంగారు కాదండీ. నత్తి."

"పోనీ, రాసివ్వండి. నేను చదువుతాను."

"వద్దు. నే... నేనే చెప్పాలి. ఆయనకు మాటిచ్చాను."

"ఆయన మీకెలా తెలుసు?"

"ఆ... ఆదివారాలు కలిసేవాళ్ళం. నత్తి ఉన్నవాళ్ళమంతా."

కొడుకు నవ్వేశాడు. "పొరబడ్డారు. ఆదివారాలు ఆయన కక్షిదారుల్ని చూసేవారు. అయినా మా నాన్నగారికి నత్తేమిటి?"

"చి... చిన్నప్పట్నుంచీ ఉంది. రాని మాట వదిలేసి, వ... వచ్చే మాట వెతుక్కునేవారు. దాన్నే మీరంతా ధా... ధారాళం అనుకున్నారు. తాను పోయాకైనా దా... దాచొద్దన్నారు."

మైకు అన్నీ వినిపిస్తూనే ఉంది.

"ఒక్క మాటకు మాత్రం బ... బ... బదులు మాట దొరకలేదు."

"ఏ మాటకి?"

అపరిచితుడి దవడ బిగిసింది. కళ్ళు మూతపడ్డాయి. మాట రాలేదు.

మైకు కట్టేయడానికి బావమరిది లేచాడు.

"కూర్చోరా! పూర్తిగా చెప్పనీ" అన్నాడు కొడుకు.

అపరిచితుడు తల వంచలేదు, వెనక్కి తగ్గలేదు. చివరికి మాట పెగిలింది.

"ప్ర... ప్రతి ఆదివారం మా ముందు నిలబడి, రాకపోయినా మా... మానకుండా ఆయన పలికింది మీ పేరేనండీ."