మీసాలరావు దొడ్డిదారి

జొన్నచేను గట్టు కింద ఎలుకలకో ఊరుంది. ఆ ఊళ్ళో పాత కలుగుల్ని కాపాడే సంఘం ఒకటుంది. దాని పెద్ద చుంచమ్మ. ఆకారం చూస్తే గుప్పెడు, నోరు చూస్తే గంపెడు.

ఆ ఊరికి మీసాలరావనే పందికొక్కు వచ్చి, ఒక పాత కలుగును తవ్వి పెద్ద హాలు చేశాడు. ముందువైపు ఏనుగు పట్టేంత గుమ్మం పెట్టాడు. వెనకున్న తాతలనాటి ఇరుకు దారి మాత్రం అతనికి కంట్లో నలుసైంది.

"మర్యాదస్తుల ఇంటికి దొడ్డిదారేమిటి, అసహ్యంగా!" అంటూ పూడ్చబోయాడు.

చుంచమ్మ సంఘాన్ని వెంటేసుకొచ్చి ఆ దారికి అడ్డంగా కూర్చుంది.

"హాలు బాగుందండీ, మేం కాదనం. ఆ గుమ్మం కాస్త తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. ఈ దారి మాత్రం మా తాతలు ఊరికే తవ్వలేదు. పూడ్చాలంటే ముందు మమ్మల్ని పూడ్చండి."

మీసాలరావు పళ్ళు నూరాడు. గుమ్మం తగ్గించలేదు. దారికి మాత్రం ఒక ఎండుటాకు అడ్డంపెట్టి, ఊరందర్నీ గృహప్రవేశానికి పిలిచాడు.

పిలవని చుట్టం కూడా వచ్చింది, నాగుపాము. అంత గుమ్మం కదా, విప్పిన పడగ విప్పినట్టే లోపలికొచ్చింది.

"ఇటు రండి, ఇటు!" అంటూ చుంచమ్మ ఆ ఎండుటాకు లాగిపారేసింది. పిల్లా పెద్దా అంతా ఇరుకు దారిలోంచి బయటపడ్డారు. చివర్లో మీసాలరావు పొట్ట ఇరుక్కుంది. మీసాలు పట్టుకుని సంఘమంతా లాగితే, మట్టికొట్టుకుపోయి గట్టు మీద వచ్చి పడ్డాడు.

చుంచమ్మ అతని వీపు మీది మట్టి దులుపుతూ అడిగింది.

"అదేమిటండీ రావుగారూ, మర్యాదస్తులు, తమరు కూడా దొడ్డిదారినే వచ్చారా?"