విస్తరికి అడ్డం చెయ్యి

ప్రోగ్రాములు రాసే రోజులు పోయాయి. పేరు పెడితే చాలు, ఊరిని నడిపే సిస్టమ్ ఆ పేరులోంచే పని నేర్చేసుకుంటుంది. కాకినాడకి ఆ పేర్లు పెట్టే ఉద్యోగం సువర్చలది. లిఫ్టు మాటల్లో, స్టేషన్ బోర్డుల్లో, మందుల చీటీల్లో ఉండే ఖాళీల్లో అంకెలూ పేర్లూ నింపే కొత్త ఫంక్షన్‌కి ముచ్చటపడి "వడ్డించు" అని పెట్టింది.

తెల్లారేసరికి ఊరంతా పెళ్ళి పంక్తి అయిపోయింది. లిఫ్టు "మూడో అంతస్తండీ, నాలుగోది కూడా కాస్త చూడండి" అంటూ జనాన్ని పైకి లాక్కుపోతోంది. స్టేషన్‌లో రైళ్ళ పేర్లు బోర్డు పట్టక గోడ మీదికి పొంగుతున్నాయి. పదింటికి ఇదే ఫంక్షన్ ఆస్పత్రులకు చేరుతుంది. రెండు మాత్రలు రాసిన చీటీలో మొహమాటపడకండంటూ నాలుగు వేస్తుంది.

నవ్వాలో ఏడవాలో తెలియక సువర్చల వంటింట్లోకి పరిగెత్తింది.

"ఎక్కడ ఆపాలో దానికి తెలియట్లేదండీ, అత్తయ్యగారూ."

మంగతాయారు బూరెలు వేయిస్తూనే అంది. "విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు లేకపోతే వడ్డించేవాళ్ళు ఎందుకాగుతారే?"

పదికి రెండు నిమిషాలుందనగా పేరు మారింది: "చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డించు". బోర్డులు నిండగానే ఆగిపోయాయి. లిఫ్టు "మూడు" అని బుద్ధిగా ఊరుకుంది. ఆస్పత్రి చీటీల్లో రెండు మాత్రలు రెండుగానే ఉన్నాయి.

ఆ సంబరంలో భోజనానికి కూర్చుంటే అత్తగారు అయిదో బూరె పట్టుకొచ్చింది. సువర్చల విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. మంగతాయారు ఆ చేతుల మీదే బూరె పెట్టి, పైన నెయ్యి కూడా పోసింది.

"ఆ పేరు సిస్టమ్‌కి పెట్టావు గానీ, నాకు కాదుగా."