కుడివైపు ఇనుపగుండు

గుద్రున్ మోటారుసైకిలు పక్కన కూర్చుని కటింగ్ మిషన్ స్విచ్ నొక్కబోతుంటే గేటు దగ్గర ఎవరో గట్టిగా అరిచారు.

"వద్దండీ! దాన్ని కొయ్యొద్దు!"

తల తిప్పి చూసింది. యాభై దాటిన మనిషి. పాలిపోయిన ముఖం. కోటు వదులుగా వేలాడుతోంది.

"ఎవరు మీరు?"

"వోల్క్‌మార్. రోస్టోక్ నుంచి వచ్చాను. మీ నాన్నగారు పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది."

గుద్రున్‌కి విషయం అర్థమైపోయింది. అర్థమైందనే అనుకుంది.

నాన్న ఎవాల్ట్ చలికాలంలో పోయాడు. అమ్మ అంతకు చాలాముందే పోయింది. ఆమె ఒక్కతే కూతురు. నాన్న గురించి నాలుగు మాటలు చెప్పుకోవడానికి సొంతమనిషంటూ ఒక్కరూ మిగల్లేదు.

మిగిలింది ఈ మోటారుసైకిలు. తూర్పు జర్మనీ రోజుల్లో ఈ సూల్ ఊళ్లోనే తయారైన దూరప్రయాణాల బండి. వెనక డేరా కట్టుకుని నాన్న బల్గేరియా సముద్రం దాకా వెళ్లొచ్చిన బండి.

గుద్రున్ బస్సుల డిపోలో మెకానిక్. వసంతమంతా పెరట్లో కూర్చుని దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించింది. ఆ వార్త పాతబళ్లు కొనేవాళ్లకి చేరిపోయింది. ఇక ఒకరి తర్వాత ఒకరు. అందరిదీ ఒకటే పాట, "మీ నాన్నగారు నాకు బాగా తెలుసు."

"బండి అమ్మను," అంది గుద్రున్.

"కొనడానికి రాలేదండీ."

"అందరూ అలాగే అంటారు. కాఫీ చల్లారేలోపు రేటు చెబుతారు."

పక్కింటి ఇర్మా కంచె మీదకి వాలి నవ్వింది. "పోయినవారం వచ్చినాయన ఏకంగా ఏడ్చేశాడండీ! మీరు రుమాలైనా తెచ్చుకున్నారా?"

అతను కూడా నవ్వాడు. "ఒక్కసారి స్టార్ట్ చేస్తారా? విని వెళ్లిపోతాను."

పీడ వదులుతుందని గుద్రున్ కిక్ కొట్టింది.

వచ్చినవాళ్లంతా ట్యాంకు నిమిరేవారు, మీటరు చూసేవారు. ఇతను బండికి కుడిపక్కన నేలమీద చతికిలబడ్డాడు. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కళ్లు మూసుకున్నాడు.

"పడిపోయాడేమో చూడవే!" అంది ఇర్మా.

"ఇక్కడ కూర్చుంటే చిన్న టకటక వినిపించాలే," అన్నాడతను కళ్లు తెరవకుండానే.

గుద్రున్‌కి ఒళ్లు మండింది. "వాల్వులు నేనే సరిచేశాను. ఏ టకటకా లేదు. అంత తెలిసినవారు కార్బ్యురేటర్ ఏదో చూపించండి."

అతను కాసేపు తడుముకుని హారన్ వైపు వేలు చూపించాడు.

ఇర్మా పొట్ట పట్టుకుని నవ్వింది. గుద్రున్ ఇంజన్ ఆపేసింది.

"మీ నాన్నగారు ఎప్పుడైనా నా గురించి..."

"ఏమీ చెప్పలేదు. ఇక వెళ్లండి."

"వెళ్తాను. ఆ గుండ్లు మాత్రం ఉంచండి."

ఫ్రేముకి కుడివైపు కింద నిమ్మకాయంత ఇనుపగుండ్లు రెండు. సైడ్‌కారు, అంటే పక్కన మనిషి కూర్చునే తొట్టి, తగిలించడానికి పెట్టినవి. గుద్రున్‌కి ఊహ తెలిశాక ఆ ఇంట్లో సైడ్‌కారే లేదు. అయినా ఏటా బండి బయటికి తీసేముందు నాన్న వాటికి గ్రీజు పూసి, గుడ్డ చుట్టేవాడు. ఎందుకు నాన్నా అంటే "తుప్పు పట్టకూడదమ్మా" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేది. ఇప్పుడవి బూటుకి అడ్డొస్తున్నాయి. కోద్దామా వద్దా అని వారంగా ఆమే తటపటాయిస్తోంది.

ఎవడో వచ్చి వద్దనేసరికి పంతం పుట్టింది.

"మా నాన్న బండి. నా ఇష్టం," అంటూ స్విచ్ నొక్కింది.

నిప్పురవ్వలు లేచాయి. ముందువైపు గుండు తెగి, దొర్లుకుంటూ అతని కాళ్ల దగ్గర ఆగింది.

అతను దాన్ని తీసుకున్నాడు. కాలుతుంటే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇది నేను తీసుకోనా?"

"పాత ఇనుమే, తీసుకుపోండి. రైలు ఖర్చులకైనా వస్తుందేమో."

అతను గ్రీజంటిన ఆమె చేతులకేసి చాలాసేపు చూసి, గుండు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

రెండో గుండు ఎందుకో ఆమెకు కొయ్యబుద్ధి కాలేదు.

ఆకులు రాలే కాలంలో గేటు ముందు వ్యాను ఆగింది. నల్లబట్టల్లో ఒకావిడ దిగింది.

"నేను వోల్క్‌మార్ భార్యనండీ. మా ఆయన ఆగస్టులో పోయాడు. జబ్బు ముదిరిపోయింది. ఇది మీకివ్వమన్నాడు."

వ్యానులో ఒక సైడ్‌కారు. నల్లరంగు, అంచున మీగడరంగు గీత. నాన్న తన చేత్తో ట్యాంకు మీద గీసిన గీత లాంటిదే, కొస దగ్గర అదే వంపు.

ఇద్దరూ కలిసి దాన్ని బండి పక్కకి తోశారు. వెనక కొక్కెం మిగిలిన గుండుని టక్కున పట్టేసింది.

ముందు కొక్కెంలో అప్పటికే ఒక గుండు ఉంది. ఆమె కోసిపారేసిన గుండు. నిండా గ్రీజు పూసి ఉంది.

గుద్రున్ బండికి కుడిపక్కన నేలమీద కూలబడింది.

"ఈ సైడ్‌కారు... ఆయన దగ్గరికెలా వచ్చింది?"

"మా ఆయన్ని అయిదేళ్లప్పుడు వాళ్లమ్మ విడిపోయి రోస్టోక్ తీసుకుపోతుంటే, ఇందులోంచి దిగనని ఒకటే ఏడుపట. చివరికి దీన్నే విప్పి, పిల్లాడితోపాటు రైలెక్కించేశాడట."

"ఎవరు?"

ఆవిడ నివ్వెరపోయింది. "అదేంటండీ, చెప్పలేదా? చెప్పడానికేగా అంతదూరం వచ్చాడు!"

గుద్రున్ ఆ గుండు మీద చెయ్యి వేసింది.

"ఆ గుండు చూసి నాకు ఒళ్లు మండి మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. ఆయన మాత్రం నవ్వుతూ, 'కోస్తే కోసిందిలే, మా చెల్లికి అచ్చం మా నాన్న చేతులే వచ్చాయి' అన్నాడు."